మామిడి బదనిక పూసిన ఎండకాలం

ఆ మొక్క మా ఇంటికి మందుగా వచ్చింది. పూల కోసం దాన్ని ఎవరూ పంపలేదు.

బీర్పూర్‌లో ఉండే మా పెద్దమ్మ ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం కోరుట్లలో మా ఇంటికి వచ్చింది. అమ్మకు సొంత అక్క. జగిత్యాలలో బస్సు మారి, రెండో బస్సులో నిలబడే వచ్చిందట. కాళ్ళు కూడా కడుక్కోకుండా సంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన కట్ట తీసి అమ్మ ముందు పెట్టింది. విప్పితే జానెడు మామిడి బెరడు, దాన్ని కరుచుకుని ఒక మొక్క. ఆకులు మందంగా, పట్టీల్లా, రెండు వరసలుగా ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. ప్రతి ఆకు చివరా ఎవరో పంటితో కొరికినట్టు ఉంది. కింద తెల్లటి వేర్లు, ఒక్కొక్కటి పెన్సిలంత లావు. వాటికి మట్టి లేదు. అమ్మ చూడగానే బదనిక అంది. మా వైపు చెట్టు కొమ్మ మీద పెరిగేది ఏదైనా బదనికే.

అది పెరిగిన మామిడిచెట్టు బీర్పూర్ రోడ్డు పక్కన ఉండేది. ఆ సంవత్సరాల్లో అడవిలోని అన్నలు రాత్రిపూట చెట్లు నరికి అటు రోడ్లకు అడ్డం పడేయడం వింత కాదు. ఒక పొద్దున ఊరు లేచేసరికి ఆ మామిడి రోడ్డుకు అడ్డంగా ఉంది. బస్సు రాలేదు. మధ్యాహ్నానికి పోలీసు జీపులు వచ్చాయి. ఇంటికొక మనిషిని పిలిచి చెట్టును తీయించారు. పెదనాన్నకు జ్వరం కాబట్టి ఆ ఇంటి నుంచి పెద్దమ్మే వెళ్ళింది.

“కొట్టినోళ్లకు అన్నం పెట్టుడు మేమే, తీపిచ్చినోళ్లకు మొద్దులు మోసుడు మేమే,” అని పెద్దమ్మ చెప్పి, కాస్త గట్టిగా అన్నానేమోనని తలుపు వైపు చూసింది.

అంత ఎత్తు కొమ్మ మీది బదనిక మామూలుగా ఎవరికీ అందదు. కొమ్మలు నరుకుతున్నప్పుడు అది కాళ్ళ దగ్గరే కనిపిస్తే, చెల్లెలి చేతి నొప్పి గుర్తొచ్చి, బెరడుతో సహా ఒలుచుకుని కొంగులో వేసుకుందట.

అమ్మది బీడీలు చుట్టే చేయి. మా వీధిలో ఆడవాళ్ళందరిదీ అదే పని. నాన్న ఒకప్పుడు ఇంట్లోనే చేమగ్గం నేసేవాడు. అది ఆగిపోయాక సిరిసిల్ల వెళ్ళి పవర్‌లూమ్‌ల మీద పని చేస్తూ రెండు మూడు వారాలకోసారి వచ్చేవాడు. అమ్మకు కార్ఖానలో కార్డు ఉంది. కార్డు అంటే అమ్మ పేరు మీద ఆకు, తంబాకు ఇస్తారు, చుట్టిన బీడీలు అమ్మ పేరు మీదనే తీసుకుంటారు. కొన్ని వారాలు వరసగా బీడీలు పోకపోతే పేరు కొట్టేస్తారు. కొత్త కార్డు దొరకడం అంత సులువు కాదు. ఆ చలికాలం నుంచే అమ్మ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కీళ్ళ దగ్గర వాచాయి. ఆకు చుట్టగలిగేది, కానీ దారం ముడి బిగించేటప్పుడు పెదవి కొరుక్కునేది. రోజుకు వెయ్యి చుట్టే మనిషి ఆరువందలకు వచ్చింది. వాపు అట్లాగే ఉంటే వేసవి దాటేలోపు కార్డు పోతుందని అమ్మ భయం. ఆ భయం అమ్మ మాటల్లో ఎప్పుడూ రాలేదు. పొద్దున లేవగానే అమ్మ మొదట ఆ రెండు వేళ్ళనే మడిచి చూసుకునేది.

పెద్దమ్మ మందు ఎట్లా చెయ్యాలో చెప్పింది. వేరు కోసి, నూరి, పసుపు కలిపి కీళ్ళ మీద పట్టు వెయ్యాలి. తొమ్మిది రోజులు ఆపకూడదు. ఉన్న వేర్లన్నీ సరిగ్గా తొమ్మిది రోజులకు సరిపోతాయని లెక్క కూడా వేసింది. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సుల మీద అప్పట్లో ఎవరికీ నమ్మకం ఉండేది కాదు.

నేను అప్పుడే జగిత్యాలలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉన్నానన్న మాటే కానీ, ఇంటికి ఎవరు వచ్చినా వంటగదిలోకి వెళ్ళిపోయే పిల్లను. అరువు తెచ్చుకున్న పుస్తకం ఒకటి చాట కింద ఉండేది. డైరీ ఒకటి బియ్యం డబ్బా వెనక ఉండేది. అమ్మకు చదువు రాదు. ఆ రోజుల్లో ఇంట్లో రాసిన కాగితం ఉందంటేనే అమ్మకు భయం. ఎక్కడో సోదాకు వచ్చి కాగితాలు తీసుకుపోయారని వినేది. ఏం రాస్తున్నావని అడిగి, ఊరి పేర్లు, మనుషుల పేర్లు రాయొద్దని ఒట్టు వేయించుకుంది. అందుకే నా డైరీలో ఆకాశం, కూరగాయలు, బీడీలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

పెద్దమ్మ వెళ్ళాక నేను ఆ మొక్కను వెలుతురులో పెట్టి చూశాను. కిందనుంచి మూడో ఆకు చంకలోంచి చీపురుపుల్ల లాంటి కాడ ఒకటి బయటికి వచ్చి ఉంది. దాని మీద మినపగింజలంత ఆకుపచ్చ బొడిపెలు. ఏడు. పడిపోయిన చెట్టు మీది నుంచి ఒలుచుకుని, కొంగులో, సంచిలో, రెండు బస్సుల్లో వచ్చినా ఆ కాడ విరగలేదు.

అమ్మ అప్పటికే సన్నికల్లు కడిగి పెట్టింది. నేను అమ్మ వైపు వీపు తిప్పుకుని కుండలో నీళ్ళు పోస్తూ అడిగాను. మొహం చూసి అడగడం నాకు రాదు.

“అమ్మా, గది మొగ్గ మీద ఉన్నది. పూసినంక నూరుకుందామా?”

అమ్మ పసుపు డబ్బా దించి సన్నికల్లు పక్కన పెట్టింది.

“పూలు సూసుకుంట కూసుంటే నా చేతి నొప్పి తక్కువైతదా?”

“నీ పని నేను చేస్త. పూలు రాలేదాక నువ్వు చెయ్యి పెట్టకు.”

“నువ్వా? దినాం వెయ్యి? బుక్కు ముట్టకుంటనా?”

“ముట్ట.”

అమ్మ నవ్వింది. నేను రోజంతా కూర్చున్నా నాలుగువందలు దాటేవి కావు, అదీ వంకరటింకరగా. ఆ వేసవికి ముందు నేను ఏదైనా అడిగి మరీ తెచ్చుకున్నట్టు గుర్తు లేదు. అందుకేనేమో అమ్మ సన్నికల్లును మళ్ళీ గోడకు ఆనించింది. పూలు రాలిన మర్నాడే వేర్లు కోయాలని షరతు పెట్టింది. నేను ఒప్పుకున్నాను.

ఒప్పుకున్న సంగతి చేతులకు మర్నాడే తెలిసింది. ఆ ఏడాది అడవిలో బీడీలకు వాడే తునికాకు కోత, కూలి రేటు తేలక ఆలస్యమైంది. కొత్త ఆకు వచ్చేదాకా కార్ఖానలో పాత ఆకే ఇచ్చారు. నిండా మచ్చలు, చిల్లులు. మంచి ఆకులో నాలుగు ముక్కలు తెగితే ఈ ఆకులో రెండు తెగేవి. చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు ముక్క అరచేతిలో పరిచి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి పెట్టేలోపు పక్కింట్లో వాళ్ళు మూడు చుట్టేవాళ్ళు. మొదటి రోజు నాలుగువందల దగ్గరే ఆగిపోయాను. రాత్రి అన్నం కలుపుకుంటే వేళ్ళు మంట పెట్టాయి. అమ్మ పక్కన కూర్చుని ఎడమచేత్తో ఆకులు వేరుచేసి ఇచ్చింది. మడత వదులుగా ఉన్న బీడీని ఎత్తి నా ముందు పెట్టేది.

మొక్క సంగతిలో నేను చేసిన తప్పు బీడీలు చుట్టే ఇంట్లోనే జరుగుతుంది. మాకు అడవి నుంచి వచ్చేది ఆకు ఒక్కటే. ఆకు ఎండితే పెళపెళలాడి ముక్కలైపోతుంది. అందుకని సాయంత్రం నీళ్ళలో ముంచి, దులిపి, తడి గోనెసంచిలో చుట్టి పెడతాం. పొద్దునకు మెత్తబడి కత్తెరకు లొంగుతుంది. చిన్నప్పటి నుంచి చూసింది అదే. అడవిది ఏదైనా తడి గోనెలో ఉంటేనే బతుకుతుందని నా చేతులకు అలవాటైపోయింది. నేను ఆ వేర్ల చుట్టూ తడి గోనె చుట్టి, దారంతో కట్టి, వసారా మూలన నీడలో పెట్టాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళు చల్లాను. ఎండ పెరిగిన కొద్దీ ఇంకోసారి చల్లాను. ఎంతో జాగ్రత్తగా చూసుకుంటున్నానని డైరీలో రాసుకున్నాను కూడా.

పది రోజులకు గోనె దగ్గర పుల్లటి వాసన వచ్చింది. ముందు కుండ కింద ఎలుక చచ్చిందేమో అనుకున్నాం. తర్వాత కాడ మీద రెండు బొడిపెలు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. గోనె విప్పాను. తెల్లగా గట్టిగా ఉండాల్సిన వేర్లు గోధుమరంగులోకి తిరిగి ఉన్నాయి. పట్టుకుంటే పైతోలు జారి చేతిలోకి వచ్చేసింది, లోపల సన్నటి దారపు పోగు లాంటిది మాత్రం మిగిలింది. పన్నెండు వేర్లలో ఏడు అట్లా ఉన్నాయి. గోనె బయట గాలికి వేలాడిన ఐదింటికి మాత్రం ఏమీ కాలేదు.

ఆ ఐదింటిలో ఒకదాని మీద నీటిచుక్క పడింది. వెండిరంగులో ఉన్న వేరు ఆ చుక్క పడిన మేర చూస్తుండగానే ఆకుపచ్చగా మారింది.  ఈ సంగతి నాకు తెలుసు. వృక్షశాస్త్రం పుస్తకంలో ఇది రెండు మార్కుల ప్రశ్న. చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్ మొక్కలకు గాలివేర్లు ఉంటాయి, వాటి మీద వెలమెన్ అనే పొర ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఉదాహరణ వాండా. నెల కిందట జగిత్యాలలో పరీక్షలో ఈ జవాబు రాసి వచ్చాను. బొమ్మ కూడా వేశాను. ఆ ఆర్కిడ్ అనేది ఏ దూరదేశంలోదో అనుకున్నాను కానీ, మా పెద్దమ్మ కొంగులో వచ్చే బదనిక అని నాకు తట్టలేదు. గాలికి ఆరవలసిన వేర్లను గాలి తగలకుండా కట్టి పెట్టింది ఆ జవాబు రాసిన చేయే.

బీడీ ఆకు కత్తెరతో కుళ్ళిన వేర్లన్నీ కోసేస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

“పువ్వూ లేకపాయె, మందూ లేకపాయె,” అంది.

అమ్మ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. తొమ్మిది రోజుల మందును నేను నాలుగు రోజులకు తెచ్చాను. మిగిలిన ఐదు వేర్లు అప్పుడే నూరుకోమని చెప్పాల్సింది. చెప్పాలని నోరు తెరిచాను కూడా. కాడ మీద ఇంకా ఐదు బొడిపెలు ఉన్నాయి. చెప్పలేదు. దాన్ని నేను ఇప్పటికీ మంచిపనిగా రాసుకోలేను.

నాన్న ఆ వారమే సిరిసిల్ల నుంచి వచ్చాడు. కథలాపూర్ మీదుగా వచ్చే బస్సును దారిలో రెండుచోట్ల ఆపి దించి వెతికారని చెబుతూ అన్నం తిన్నాడు. తర్వాత మొక్కను చూశాడు. అటక మీద పడి ఉన్న పాత మగ్గం చెక్క ఒకటి తీసి, ఆ బెరడును దాని మీద ఆనించి, నూలుదారంతో అటూ ఇటూ కట్టాడు. కట్టేటప్పుడు వేర్లను తప్పించి కట్టాడు.

“ఆరనియ్యాలె బిడ్డా. తడితడిగ పెడితె నూలైనా గంతే, మురుగుతది,” అన్నాడు.

చెక్కను తీసుకుపోయి వసారా చూరుకు, పొద్దుటి ఎండ పడేచోట వేలాడదీశాడు. అక్కడ మధ్యాహ్నానికి నీడ వస్తుంది, రోజంతా గాలి ఆడుతుంది. నాన్నకు వృక్షశాస్త్రం తెలియదు. రెండో రోజు మళ్ళీ సిరిసిల్ల వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నేను నీళ్ళు పోసే పద్ధతి మార్చాను. పొద్దున లేవగానే చెక్కను దించి వేర్లను బక్కెట్లో ముంచి, ఒక కట్ట బీడీలు చుట్టేంత సేపు ఉంచి తీసేదాన్ని. సాయంత్రం మరోసారి అంతే. మధ్యలో ముట్టుకునేదాన్ని కాదు. మే నెల వడగాలికి ఇంట్లో మనుషులం వాడిపోయాం కానీ ఆ మొక్క వాడలేదు. ఆకులు కొంచెం మడతబడి, పొద్దునకు మళ్ళీ విచ్చుకునేవి. మామిడి కొమ్మ మీద ఎన్ని వేసవులు ఒంటరిగా గడిపిందో ఏమో.

బీడీల సంగతి అంత బాగా సాగలేదు. వెయ్యికి దగ్గరగా వచ్చాను, తొమ్మిదివందలు చేసిన రోజులు ఉన్నాయి. కానీ కార్ఖానలో బీడీలు తీసుకునే టేకేదారు కట్ట విప్పి, చేతిలో ఆడించి, వదులుగా ఉన్నవి పక్కకు పడేసేవాడు. బీడీలు ఇచ్చి రావడం నాకు పరీక్ష కన్నా కష్టం. ఆడవాళ్ళ వరసలో తల వంచుకుని నిలబడేదాన్ని. ఒకరోజు అతను నా కట్ట ఎత్తి అందరికీ చూపించాడు.

“ఎవల్లు చేసిండ్రు ఇయ్యి? సదువుకున్న బీడీలు లెక్క ఉన్నయి. గాలి తాకితెనే ఇప్పుకుంటున్నయి.”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అతను కూడా నవ్వి, తర్వాత నవ్వకుండా, వచ్చేవారం కూడా ఇట్లానే ఉంటే మీ అమ్మ పేరు ఉండదని చెప్పు, అన్నాడు. నేను ఇంటికి వచ్చి ఆ మాట అమ్మకు చెప్పలేదు. కొస మడవడం ఎట్లాగో మళ్ళీ చూపించమన్నాను. అమ్మ వాచిన వేలితోనే రెండుసార్లు చూపించింది. ఆకు అంచును గోటితో లోపలికి నెట్టి, వెంటనే వదలకుండా ఒక్క క్షణం ఒత్తి ఉంచాలి. నేను వదిలేస్తున్నాను. పుస్తకంలో తరువాతి పేజీకి పోవాలన్నట్టు తరువాతి బీడీకి పోతున్నాను. ఆ వారం ఎనిమిదివందలే చేశాను, కానీ టేకేదారు పక్కకు పడేసినవి పిడికెడు కూడా లేవు. పేరు నిలిచింది.

ఆ వారం చివరనే మొదటి పువ్వు విచ్చింది.

పొద్దున బక్కెట్ దగ్గరికి చెక్క దించుతుంటే ముందు వాసన తగిలింది. మల్లె వాసనలా మీద పడేది కాదు. పండిన పండుకూ, తడిసిన చెక్కకూ మధ్య ఏదో. పువ్వు రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దది. రేకులు ఐదూ పసుపు కలిసిన ఆకుపచ్చ, వాటి మీద గోధుమరంగు గీతలు, అడ్డంగా నిలువుగా, చీర మీద గళ్ళలాగా. వెనక తిప్పి చూస్తే తెల్లగా ఉంది. నడుమ నాలుక లాంటి రేకు ఒకటి, అది మాత్రం నేరేడు రంగు. ఇంత పువ్వు మినపగింజంత బొడిపెలోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

నేను కేక వెయ్యలేదు. చెక్కను మళ్ళీ చూరుకు తగిలించి, అమ్మను పిలిచి, చాట తెచ్చుకుని దాని కింద కూర్చున్నాను. ఆరోజు నుంచి అదే నా చోటు. పాతిక బీడీలకు ఒకసారి తల ఎత్తి చూడొచ్చని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. పుస్తకం చదవనని మాట ఇచ్చాను కదా, చూడటానికి పువ్వు ఉంది. మూడోరోజుకు రెండో పువ్వు, ఆ తర్వాత రెండు ఒకేసారి, చివరిది వారం తర్వాత. ఒక పువ్వు ఇరవై రోజులు నిలిచింది. మల్లె పొద్దునకే కమిలిపోయే ఎండలో అది రంగు కూడా మారలేదు. నల్లటి చిన్న తేనెటీగలు వచ్చి ఆ నేరేడు రంగు నాలుక మీద వాలేవి. ఎండ ఎక్కాక వాసన తగ్గి మా తంబాకు ఘాటే మిగిలేది. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చేది.

అమ్మకు పని లేకుండా కూర్చోవడం రాదు. మొదటి రోజుల్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇల్లు రెండుసార్లు ఊడ్చేది. పూలు వచ్చాక గోడకు ఆనుకుని నా ఎదురుగా కూర్చుని పైకి చూస్తూ ఉండేది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఇప్పచెట్ల మీద ఇట్లాంటివి ఉండేవని, పశువుల వెంట పోయినప్పుడు వాసన వచ్చేది కానీ తల ఎత్తి ఎప్పుడూ చూడలేదని చెప్పింది. ఎదురింటి అత్త ఒకరోజు వచ్చి, ఆ పువ్వు తెంపి తల్లో పెట్టుకుంటే బాగుంటుందని చెయ్యి చాపింది. అమ్మ ఆమె చేతిలో మంచినీళ్ళ చెంబు పెట్టింది. 

చివరి పువ్వు జూన్ మొదట్లో రాలింది. అప్పటికి ఎండ తగ్గలేదు, ఆకాశంలో మాత్రం మబ్బు తిరుగుతోంది. నేను మర్నాడు పొద్దునే లేచి చెక్క దించి, కత్తిపీట తెచ్చి అమ్మ ముందు పెట్టాను. మాట మాటే. ఐదు పాత వేర్లతో పాటు కొత్తగా మరో రెండు చిటికెన వేలి గోరంత పొడుచుకొచ్చాయి. వాటి కొసలు పచ్చగా మెరుస్తున్నాయి. అన్నీ కోస్తే మొక్క మిగలదని ఇద్దరికీ తెలుసు. నేను కళ్ళు పక్కకు తిప్పుకోలేదు.

అమ్మ కుడిచేయి ముందుకు చాపి వేళ్ళు మడిచి తెరిచింది. బొటనవేలు పూర్తిగా మడతపడింది. వాపు ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు. నా చేతుల్నే చూసుకుంటూ ఉన్నాను ఆ నెలన్నర.

“రెండు చాలు,” అంది. “మా అక్క అడుగుతది, పెట్టుకున్నవా అని. లేదంటె మంచిగుండది, అవునంటె అబద్ధమైతది.”

రెండు పాత వేర్లు కోసి నూరాను. పసుపు కలిపితే బురద రంగు ముద్ద అయింది. అమ్మ వేళ్ళకు పట్టు వేసి గుడ్డ కట్టాను. మిగిలినదాన్ని మళ్ళీ చూరుకు తగిలించాను. అమ్మ ఆ గుడ్డ కట్టుతోనే తనే బయలుదేరి కార్ఖానకు వెళ్ళింది. నెలన్నర తర్వాత వరసలోకి వచ్చింది కాబట్టి అందరూ చూశారు. పసుపు వాసన, గుడ్డ కట్టు, మడతపడుతున్న వేలు. ఏం మందని అడిగారు. అమ్మ బదనిక వేరు అని చెప్పేసింది.

సాయంత్రానికి మా వసారాలో నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. ముందు ఎదురింటి అత్త. బీడీలు చుట్టే వీధిలో వేళ్ళ నొప్పి లేని ఆడమనిషి ఉండదు. తలా ఒక ముక్క ఇస్తే చాలన్నారు. వాళ్ళు అడిగిన తీరులో తప్పేమీ లేదు. ఒకామె చెయ్యి అమ్మది కన్నా ఎక్కువ వాచి ఉంది. నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. చూరుకు మూడు వేర్లు వేలాడుతున్నాయి, కొత్తవి రెండు. నలుగురికి పంచితే అయిపోతుంది. ఇవ్వమని చెబితే మొక్క పోతుంది. ఇవ్వనంటే ఆ వాచిన చేతి ముందు నిలబడి అనాలి. 

అమ్మ తన వేలి గుడ్డ విప్పింది. ముద్దను నీళ్ళతో కడుక్కుని చెయ్యి వాళ్ళ ముందు పెట్టింది.

“గీ మందు నేను పెట్టింది ఇయ్యాల పొద్దుగాలనే. వాపు అంతకు ముందే పోయింది. నా బిడ్డ నెలన్నర నా పేరు మీద బీడీలు చేసింది, నేను కూసున్న. గందుకే తక్కువైంది. వేరుతోని కాలె.”

 వాచిన చెయ్యి ఉన్న ఆమె తన చేతినే చూసుకుంది. ఆమెకు ఇంట్లో ఆడపిల్లలు లేరని అందరికీ తెలుసు. అమ్మ లేచి, చూరు దగ్గరికి వెళ్ళి, పాత వేర్లలో ఒకదాన్ని కత్తెరతో కోసి ఆమె చేతిలో పెట్టింది. పని చేస్తుందో లేదో తనకు తెలియదని, పెట్టుకుని చూడమని, పెట్టుకున్నన్ని రోజులు చెయ్యి ఆడించొద్దని చెప్పింది. నేను కత్తెర వద్దనలేదు. మిగిలినవాళ్ళు ఇంకేమీ అడగలేదు.

ఎదురింటి అత్త లేస్తూ లేస్తూ నా వైపు తిరిగింది.

“అయితె నీ బిడ్డను పదిదినాలు మా ఇంటికి తోలు. నేను గూడ కూసుంట.”

“తోలుదును గని,” అంది అమ్మ, “దానికి ఇంకా బీడీ కొస మడత సక్కగ రాదు. నీ కార్డు పోతది.”

అందరూ నవ్వారు. గుమ్మంలో నిలబడి నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఇద్దరం ఒకే చాట దగ్గర కూర్చున్నాం. అమ్మ ఐదువందలు, నేను ఐదువందలు.